పొలిమేరకు మిగిలిన దూరం

శ్రావణ శుద్ధ పంచమి, మంగళవారం

భ్రమరాంబకు చేసిన శస్త్రచికిత్స గాయం చక్కగా మానిందట. ముందుగా ఆ మాట రాసుకుంటున్నాను. తక్కినవన్నీ దాని తరువాతివే.

ఇక కిరణ చికిత్స ఇవ్వాలి. ఐదు వారాలకు పైగా, శని ఆదివారాలు మినహా ప్రతిదినమూ రాజమహేంద్రవరం వెళ్లాలి. యంత్రం కింద పడుకునేది కొద్ది నిమిషాలే.

"రోజూ ఎనభై కిలోమీటర్లు రావడం, మళ్లీ ఎనభై పోవడం ఎందుకండీ? ఇక్కడే ఒక గది తీసుకోండి," అన్నది డాక్టర్ శ్రీదుర్గ.

ఆ అమ్మాయికి విషయం వివరించాను. మేము ఆహితాగ్నులం. పెళ్లయిన మూడో ఏట ఇంట్లో ప్రతిష్ఠించుకున్న అగ్నులకు ఇప్పటికీ ఉదయమూ సాయంత్రమూ హోమం జరుగుతూనే ఉన్నది. దంపతులలో ఒకరైనా హోమవేళకు ఊరి పొలిమేర లోపల ఉండాలి. ఇద్దరమూ దాటి ఉండగా సూర్యుడు అస్తమిస్తే ఆ అగ్నులు ఇక అగ్నులు కావు, పొయ్యిలో నిప్పుతో సమానం.

"అయితే మీరు ఇంట్లో ఉండండి. అమ్మగారిని ఎవరైనా తీసుకొస్తారు కదా?"

"అలాగేనమ్మా," అన్నది భ్రమరాంబ.

"కుదరదు," అన్నాను నేను. ఆవిడ ఒంటరిగా భయపడుతుంది.

తిరుగు ప్రయాణంలో అద్దె కారు డీజిలు వాసనకు ఆవిడ మూడుచోట్ల దిగి వాంతి చేసుకున్నది. అయినా పొద్దు వాలకముందే ఇల్లు చేరాము. సూర్యభగవానుడికి నమస్కారం.

శుద్ధ షష్ఠి, బుధవారం

వీధి చివర ఇంటి విజయ్ పాల్ మాస్టారు పరామర్శకు వచ్చారు. హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. డీజిలు సంగతి విని కాసేపు గడ్డం గోక్కున్నారు.

"సోమయాజులు గారూ, నేనెలాగూ కరెంటు కారు కొందామనుకుంటున్నానండి. పొగ లేదు, వాసన లేదు. సోమిదేవమ్మ గారికి పడుతుంది. రోజూ నేనే తీసుకెళ్తాను. కొనేది నేనైనా, ఏది కొనాలో తేల్చేది మాత్రం మనిద్దరం."

"బళ్ల సంగతి నాకేం తెలుసు మాస్టారూ?"

"శాస్త్రాలు చదివారు కదండీ. కంపెనీ కాగితాలూ అలాగే ఉంటాయి. చెప్పింది ఒకటి, చేతికొచ్చేది ఒకటి."

కోపం రావలసిన మాట. నవ్వు వచ్చింది. లోపల నుంచి ఆవిడ నవ్వు కూడా వినిపించింది. చాలా రోజుల తరువాత విన్నాను. ఆ ఒక్క నవ్వుకు పాల్ గారికి ఏమిచ్చి తీర్చుకోగలను?

శుద్ధ అష్టమి, శుక్రవారం

మూడు కార్ల పత్రాలు ముందు పెట్టుకుని మధ్యాహ్నమంతా చదివాను. ఇంత శ్రద్ధగా ఒక గ్రంథాన్ని చదివి చాలా కాలమైంది.

ప్రతిదానికీ ఒక 'రేంజి' ఉన్నది. ఒకసారి ఛార్జి చేస్తే ఎంత దూరం నడుస్తుందన్న మాట. చిన్నది మూడు వందల పది అంటుంది. మధ్యది మూడు వందల డెబ్భై. పెద్దది నాలుగు వందల యాభై. అయితే ఇవి పరీక్షాశాలలో చదునైన నేల మీద, ఏసీ లేకుండా, తొందర లేకుండా నడిపి రాబట్టిన అంకెలట. మీమాంసలో దీనినే అర్థవాదం అంటాము. స్తోత్రం చివర ఫలశ్రుతి ఉంటుంది: ఒకసారి చదివితే సామ్రాజ్యం లభిస్తుందని. అది అబద్ధం కాదు. చదవమని ప్రోత్సాహం. దానిని నమ్మి సింహాసనం చేయించుకుంటే తప్పు మనది.

"మూడింట రెండు వంతులు వస్తే దణ్ణం పెట్టుకోవాలండి," అన్నారు మాస్టారు. "అసలు చూడాల్సింది ఇది కాదు. ఒక యూనిట్ కరెంటుకి ఎన్ని కిలోమీటర్లు పోతుందో చూడాలి. చిన్నది ఎనిమిది పోతుంది. పెద్దది ఆరు దాటదు. దాని బరువు మోసుకోవడానికే సగం తింటుంది."

అంటే పెద్దదాని రేంజి దాని ప్రజ్ఞ వల్ల వచ్చినది కాదు, కడుపు పెద్దది కావడం వల్ల వచ్చినది. ఈ వివేకం నాకు ఎంతో నచ్చి అప్పటికప్పుడు ఒక ఆటవెలది చెప్పాను:

పెద్ద కడవ యున్న పెద్దరి కమ్మేమి
కొంచె మైన నీట కొండ దాటి
యిల్లు చేర్చు నదియె యెల్లరు మెచ్చగ
బతుకు బండి కైన బాట యిదియె

మాస్టారు రెండుసార్లు చదివించుకున్నారు. "బాగుందండి. కానీ బతుకుబండి అన్న మాట రిక్షాల కాలం నాటిది. ఇది బ్యాటరీ బండి." తరువాత కొంటెగా, "మీ హోమానికి రేటింగు ఉందాండీ? చెంచాడు పాలు పోస్తే పైకి ఎంత చేరుతుంది?" అని అడిగారు.

"చేరేది లెక్క కాదు మాస్టారూ. పోయడం లెక్క."

"ఆ మాట మా షోరూం వాడికి చెప్పకండి. రాసి గోడకి అంటిస్తాడు."

ఆవిడకు నేడు జ్వరం లేదు.

శుద్ధ నవమి, శనివారం

మూడింటినీ ఎక్కి చూశాము. పెద్దది ఎత్తు. ఎక్కాలంటే పైనున్న పిడి పట్టుకోవాలి, శస్త్రచికిత్స అయిన వైపు చేయి ఆవిడ భుజం దాకా కూడా ఎత్తలేదు. మధ్యదానిలో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. చిన్నదానిలోకి ఆవిడ ఇంట్లో పీట మీద కూర్చున్నంత సునాయాసంగా కూర్చున్నది.

"ఇదండీ," అన్నది. నాలుగు రోజులు మేమిద్దరం చేసిన విమర్శ అంతా అక్కడితో ముగిసింది.

రాకపోకలు నూట అరవై. ఏసీ వేసుకుని చిన్నది రెండు వందలు నడుస్తుంది. దారిలో ఆగనక్కరలేదు. సంధ్యకు ఇంట ఉంటాము. ఈ మూడు వాక్యాలూ మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

శుద్ధ ద్వాదశి, బుధవారం

మొదటి ప్రయాణం. శబ్దం లేదు, వాసన లేదు. ఆవిడకు వికారం కలగలేదు. ఇల్లు చేరేసరికి ఇరవై రెండు శాతం మిగిలింది.

రాత్రిళ్లు బండి మా వాకిట్లోనే ఉంటుంది. కరెంటు మా ఇంటిది కావాలని పట్టుబట్టాను. పాల్ గారు ఒప్పుకోవడానికి రెండు పూటలు పట్టింది.

బహుళ పంచమి, బుధవారం

సీటు బెల్టు సరిగ్గా ఆ చోటునే ఒరుసుకుంటున్నదని ఆవిడ నాతో చెప్పలేదు. పాల్ గారి భార్య సారిక గారితో ఎప్పుడు చెప్పిందో తెలియదు. ఈ ఉదయం సారిక గారు పాత మెత్తని చీరతో దూది కూరి కుట్టిన చిన్న దిండు తెచ్చి బెల్టుకు తొడిగారు.

"మీరు మా ఇంట్లో మంచినీళ్లు కూడా పుచ్చుకోరు. ఇది తినేది కాదు కదండీ సోమిదేవమ్మ గారూ, తీసుకోండి," అన్నారు.

"ఇన్నేళ్ల నుంచి ఏమీ పుచ్చుకోలేదని బాకీ తీర్చుకుంటున్నావా సారికా?" అన్నది ఈవిడ.

దిండు మీద చిన్న చిన్న నీలం పువ్వులు. ఈ ఊళ్లో పుట్టినందుకు కృతజ్ఞుణ్ణి.

బహుళ సప్తమి, శుక్రవారం

ఆసుపత్రికి సెలవు. రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

భాద్రపద శుద్ధ దశమి, మంగళవారం

చక్రాలలో గాలి సరిగా ఉంటే యూనిట్‌కు అర కిలోమీటరు అదనంగా వస్తుందని మాస్టారు నిరూపించారు. జొన్నాడ దగ్గర వంతెన ఎక్కేటప్పుడు ఖర్చయినది, దిగేటప్పుడు కొంత తిరిగి బ్యాటరీలోకి చేరుతుందట. దిగడంలో కూడా లాభం ఉండటం ఎంత గొప్ప ఏర్పాటు. గోదావరి ఎర్రగా, నిండుగా ఉన్నది. ఇరవై ఆరు శాతం మిగిలింది. నిన్న ఇరవై నాలుగు.

చర్మం నల్లబడి అక్కడక్కడ చిట్లింది. గుడ్డ తగిలితే ఓర్చుకోలేకపోతున్నది. నర్సు దీవెన రోజూ ఆ చోట చల్లని లేపనం రాసి, "అమ్మమ్మా, ఇంకొన్ని రోజులే," అంటుంది. మన బిడ్డ కాదు, మన కులం కాదు. ఆ చేతికి నమస్కారం.

ఇరవై ఆరు శాతం మంచి అంకె.

పూర్ణిమ, ఆదివారం

రాత్రికి చంద్రగ్రహణం. ఊరగాయల మీద, నీళ్ల బిందెల మీద, పాల మీద దర్భలు వేశాము.

పాల్ గారు ఉదయం ప్రార్థన ముగించుకుని యానాంలో బంధువుల పెళ్లికి కారులో వెళ్లి, చీకటి పడే వేళకు తెచ్చి ఛార్జింగు పెట్టి వెళ్లారు. "యానాం వెళ్లి ఒక్క సీసా కూడా లేకుండా ఖాళీ చేతులతో తిరిగొచ్చిన మగాడు జిల్లాలో నేనొక్కణ్ణేనండి," అన్నారు.

గ్రహణం పట్టే ముందు ఇల్లంతా ఒకసారి చూసుకుంటూ వాకిట్లోకి వచ్చాను. కారు కరెంటు తాగుతూ చిన్న ఆకుపచ్చ దీపం వెలిగించుకుని ఉన్నది. గ్రహణ సమయంలో ఏదీ ఆహారం తీసుకోరాదు. దాని మీదా ఒక దర్భ వేసి, తీగ ఊడదీశాను. విడుపు స్నానం తరువాత పెట్టవచ్చు.

బహుళ పాడ్యమి, సోమవారం

సాయంకాల హోమం లేదు.

బహుళ విదియ, మంగళవారం

జరిగినది జరిగినట్లు రాస్తాను.

పాడ్యమి ఉదయం ఇష్టి, ప్రతి పాడ్యమికీ తప్పని యాగం. నేను మౌనంలో ఉండగా పాల్ గారు వాకిట్లో నుంచి, "రాత్రి కరెంటు పోయిందాండీ? అరవై రెండే ఉంది," అని అడిగారు. భ్రమరాంబ నా పక్కనే ఉన్నది, తనూ పలకలేదు. ఇష్టి ముగిసేసరికి బయలుదేరే వేళయింది. రాజమహేంద్రవరంలో ఛార్జి చేసుకోవచ్చునని మాస్టారు ధైర్యం చెప్పారు. మబ్బు పట్టి ఉండటంతో పోయేటప్పుడు ఏసీ అవసరం పడలేదు.

అక్కడ ఛార్జింగు కేంద్రంలో కరెంటు లేదు. ఆసుపత్రిలో యంత్రం మరమ్మతులో ఉండి మా వంతు బాగా ఆలస్యమైంది. బయలుదేరేసరికి పొద్దు పడమటికి బాగా దిగింది.

"ఏసీ కట్టేసి, నలభైలో పోతే ఆగకుండా చేరతామండి. అంచు మీద చేరతాం," అన్నారు మాస్టారు.

"కట్టేయండి," అన్నాను.

వాన వెలిసిన తరువాతి ఉక్క. అద్దాలు దించితే లారీల వేడి. నా కళ్లు ఆ శాతం అంకె మీదనే ఉన్నాయి. ఒక్కొక్క అంకె తగ్గినప్పుడు మిగిలిన దూరంతో సరిపోల్చి చూసుకుంటూ వచ్చాను. సరిపోతూనే ఉన్నది. ఎంత ఆనందించానో. వంతెన దాటి రావులపాలెం వచ్చాక, "చూశావా, చేరిపోతాం," అని ఆవిడ వైపు తిరిగాను.

ఆవిడ ఆ వైపు చేతిని ఒంటికి తగలనీయకుండా దూరంగా పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నది. రవిక చెమటకు తడిసి చిట్లిన చర్మానికి అతుక్కుపోయింది. పెదవి కొరుక్కుంటున్నది. రాజమహేంద్రవరం నుంచి ఒక్క మాట అనలేదు.

"ఏసీ వేయండి మాస్టారూ."

"వేస్తే చేరమండి."

"వేయండి."

రావులపాలెంలో ఛార్జింగు కేంద్రం దగ్గర ఆగాము. రెండు గొట్టాలలో ఒకటి పనిచేయదు, రెండోదానికి ఎవరిదో కారు తగిలించి ఉన్నది. చల్లగాలి తగిలి ఆవిడ నా ఉత్తరీయం కొస పిడికిట్లో పట్టుకుని నిద్రపోయింది.

అప్పుడు ఎంతదాకా వచ్చామో కనుక్కోవడానికి మా మేనల్లుడు శ్యాంబాబు ఫోను చేశాడు, సంగతి చెప్పాను. వాడు అమలాపురంలో గుమాస్తా, ఆ రోజు పని మీద కొత్తపేటలో ఉన్నాడు.

"మామయ్యా, పావుగంటలో బండేసుకుని వస్తాను. మీరు వెనక కూర్చోండి. పొద్దు కుంకేలోపల పొలిమేరలో దింపేస్తా. అత్తయ్యని మాస్టారు తీసుకొస్తారు."

పాల్ గారు విని, "వెళ్లండి సోమయాజులు గారూ. సారికని కూడా రమ్మంటాను. సోమిదేవమ్మ గారిని ఒంటరిగా ఉంచం," అన్నారు.

వ్యవధి ఉన్నది. మార్గమూ ఉన్నది. శాస్త్రం అడిగేది ఒక్కరినే.

"రావద్దురా," అన్నాను శ్యాంబాబుతో.

లేస్తే ఉత్తరీయం లాగాలి. లాగితే ఆవిడ నిద్ర చెడుతుంది. అంతే కారణం.

అరటి గెలల లారీల వెనుక సూర్యుడు దిగిపోయాడు. కారులోనే సంధ్యకు అర్ఘ్యం ఇచ్చాను. మా ముందున్న కారు యజమాని టిఫిను చేసి తీరిగ్గా వచ్చి, "సారీ అండి, చాలాసేపు ఆగారా?" అని అడిగాడు. "లేదు బాబూ," అన్నాను.

కొత్తపేట దాటాక ఆవిడ లేచింది. బయట చీకటి చూసింది. నా మొహం చూసింది.

బహుళ తదియ, బుధవారం

రెండు రోజులుగా మాట లేదు. నేడు ప్రయాణంలో కూడా కిటికీ వైపే తిరిగి కూర్చున్నది. ఇంటికి వచ్చాక, చల్లారిన కుండం దగ్గర అలవాటుగా ముగ్గు వేసి, లేవకుండానే అన్నది.

"శ్యాంబాబు వస్తానన్నాడటగా."

"నువ్వు నిద్రలో ఉన్నావు."

"లేపవచ్చు కదా."

"నీ నిద్ర చెడుతుందని..."

"నా నిద్ర." ముగ్గు గిన్నె పక్కన పెట్టింది. "నాకు పురిటి మంచం తెలియదు. ఈ ఇంట్లో నేను కనిపెట్టుకుని ఉన్నది ఈ కుండం ఒక్కటే. జ్వరంలో లేచాను, మా అమ్మ పోయిన రోజున కూడా పరుగున వచ్చాను. అవి మీ ఒక్కరి అగ్నులా? పోగొట్టేటప్పుడు నన్ను ఒక్క మాట అడగాలని తోచలేదా మీకు?"

"అడిగితే ఏమనేదానివి?"

"వెళ్లమనేదాన్ని."

"అందుకే అడగలేదు."

ఈ మాట ఎలా వచ్చిందో తెలియదు. వచ్చాక వెనక్కి తీసుకోలేదు.

నిద్ర చెడుతుందని కాదు. మొదటి రోజు డాక్టరమ్మతో ఆవిడ ఒంటరిగా భయపడుతుందని అన్నాను. ఆవిడకు భయం లేదు. భయపడినది నేను. ఒక్క సాయంకాలం నేను పక్కన లేని వేళ ఏమైనా అయితే, ఆ తరువాత ఏ అగ్నికి పాలు పోయాలి? శాతాలూ కిలోమీటర్లూ ఇన్నాళ్లు అంత శ్రద్ధగా ఎందుకు లెక్కించానో ఇప్పుడు తెలుస్తున్నది. ఆ అంకెలు చూస్తున్నంతసేపు డాక్టర్లు చెప్పిన వేరే అంకెలు చూడనక్కరలేదు.

బహుళ పంచమి, శుక్రవారం

చికిత్స ముగిసింది. డాక్టర్ శ్రీదుర్గ, "ఇక మూడు నెలలకి కనిపిస్తే చాలండి. నాకు నమ్మకంగా ఉంది," అన్నది. దీవెన ఆవిడ పాదాలు తాకింది. ఏమి దీవించాలో తెలియక ఇద్దరం ఒకేసారి దీవించాము.

దారిలో పాల్ గారు, "నాదే తప్పండి. యానాం వెళ్లకుండా ఉండాల్సింది. వచ్చాకైనా రాత్రి ఒకసారి చూసుకోవాల్సింది. మీ అన్నేళ్ల దీక్ష నా చేతుల మీద పోయింది," అన్నారు.

"తీగ తీసినది నేను మాస్టారూ. గ్రహణమని. విడుపు తరువాత పెట్టడం మరిచాను."

బండి పక్కకు ఆపి నా వైపు తిరిగారు. "కారుకి ఉపవాసం పెట్టారా?"

"దర్భ కూడా వేశాను."

"అది వైపరు కింద దొరికిందండి. ఏ పిచ్చుకో గూడు కట్టుకుంటోందనుకున్నా." ముందు ఆయన నవ్వారు. తరువాత నేను.

నా పక్క నుంచి భ్రమరాంబ, "ఆయన తీయడం కిటికీలోంచి చూశాను. తీయకపోతే నేనే వెళ్లి తీసేదాన్ని," అన్నది. ఐదు రోజులలో అది నా పక్షాన ఆవిడ మాట్లాడిన మొదటి మాట.

పోయిన అగ్నులను తిరిగి నెలకొల్పుకోవడానికి విధి ఉన్నది. వర్ష ఋతువు, పునర్వసు నక్షత్రం. ఋతువు ఇదే. నక్షత్రం మంగళవారం. పితృపక్షమని ఒకరు సందేహిస్తే, ఆగనక్కరలేదని మా గురువుగారి కుమారులు తేల్చారు. అగ్ని పోతుందని, పోగొట్టుకున్నవాడు మళ్లీ గుమ్మంలోకి వస్తాడని వేల ఏళ్ల కిందట ఊహించి, అతనికి తలుపు తెరిచి ఉంచినవారు ఎవరో. వారి కరుణకు సాటి లేదు.

బహుళ దశమి, మంగళవారం, పునర్వసు

ఋత్విక్కులు నలుగురూ తెల్లవారకముందే వచ్చారు. పాల్ గారు, సారిక గారు అరుగు మీద కూర్చున్నారు.

అరణి మథనం వేళయింది. కింది కొయ్య మీద నిలిపిన కవ్వాన్ని నేను పైనుంచి గట్టిగా అదిమి పట్టుకోవాలి. దానికి చుట్టిన తాడును యజమాని పత్ని మొదట లాగాలి. ఆవిడ చేయి సంగతి తెలిసిన శ్యాంబాబు, "అత్తయ్యా, నువ్వు తాడు ముట్టుకుంటే చాలు, మేం లాగుతాం," అన్నాడు.

"నా చేయి నేను చూసుకుంటానురా," అని ఆవిడ తాడు రెండు కొసలూ అందుకున్నది. అందుకుని లాగలేదు.

మంత్రం పూర్తయింది. అందరూ చూస్తున్నారు. ఆవిడ నన్ను చూస్తున్నది.

"లాగవేమి?"

"ముందు మీరు ఒక మాట చెప్పాలి."

"సంకల్పం అయిందిగా."

"అది వాళ్లు చెప్పించినది. ఇది నేను అడిగేది. ఇంకోసారి ఇలాంటి వేళ వస్తే, నిద్రలో ఉన్నా, నొప్పిలో ఉన్నా, నన్ను లేపి అడుగుతానని చెప్పండి. నేనేమంటానో మీకు ముందే తెలిసినా సరే."

పెద్ద ఋత్విక్కు గొంతు సవరించుకున్నారు. ముహూర్తం మించిపోతున్నదని ఆయన భావం. ఆవిడ ఆయన వైపు చూడలేదు.

మూడు నెలలకు మళ్లీ రాజమహేంద్రవరం వెళ్లాలి. ఆ తరువాత ఇంకో మూడు నెలలకు. ఆ దారిలో ఏ రోజు ఏమి అడగవలసి వస్తుందో ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

"లేపి అడుగుతాను," అన్నాను.

"నేను చెప్పినట్టు వింటారా?"

"వినడానికి ప్రయత్నిస్తాను."

ఆ జవాబు చాలుననుకున్నదేమో, కొయ్యలా బిగుసుకుపోయి ఉన్న ఆ చేతిని మెల్లగా, భుజం దాకా, ఆ పైకి కూడా ఎత్తి, తాడు లాగింది.